ఏర్పాట్లు చేసే మనిషికీ సెలవు కావాలి

కుటుంబం, దేవుడు, ఇల్లు, ఊళ్లు తిరగడం. సంతోషం ఎక్కడ దొరుకుతుందని నన్నడిగితే ముందు నోటికొచ్చేవి ఈ నాలుగే. అయితే విసుగొచ్చి అన్నీ వదిలేసి ఎటైనా పోదామనిపించిన రోజులు గుర్తు చేసుకున్నా, వాటి వెనకాల ఉన్నవీ ఈ నాలుగే. దేవుడి ముందు కళ్లు మూసుకుని కూర్చుని గ్యాస్ ఆపానా లేదా అని ఆలోచించేది నేనే, నెలల తరబడి ఎదురుచూసిన టూర్‌లో హోటల్ గదిలో తడి బట్టలు ఆరేసుకుంటూ ‘దీనికన్నా ఇంట్లో ఉంటేనే నయం’ అనుకునేదీ నేనే.

అవే మనుషులు, అదే ఇల్లు. ఒకరోజు హాయిగా, ఇంకోరోజు మోయలేని బరువుగా ఎందుకుంటాయో చాలాకాలం అర్థం కాలేదు. నిద్ర చాలలేదేమో, ఓపిక లేదేమో అనుకుని సర్దుకునేదాన్ని. ఇప్పుడు నాకు అనిపించేది వేరు. ఆ పూట నేను అందరితో పాటు ఉన్నానా, లేక అందరినీ నడిపిస్తున్నానా అన్నదాని మీదే చాలావరకు ఆధారపడి ఉంటుంది. పెళ్లి చేయించే మేనమామకి పెళ్లి చూసే తీరిక ఉండదు కదా, అలాగన్నమాట.

ఈ విషయంలో నాకు బాగా నచ్చిన అధ్యయనం ఒకటుంది. 2004లో డేనియల్ కానెమన్ (2002లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చిన మనస్తత్వ శాస్త్రవేత్త), ఆయనతో పాటు ఇంకొందరు పరిశోధకులు కలిసి అమెరికాలోని టెక్సస్‌లో ఉద్యోగాలు చేసే 909 మంది ఆడవాళ్లతో ఒక పని చేయించారు. నిన్నటి రోజును సినిమాలో సీన్లలా విడగొట్టుకుని, ఏ పని చేస్తున్నప్పుడు ఎలా అనిపించిందో రాయమన్నారు. స్నేహితులతో గడపడం, ఊరికే సేదతీరడం, ప్రార్థన లేదా ధ్యానం బాగా పైన వచ్చాయి. ఇంటిపని దాదాపు అడుగున. ఉద్యోగానికి వెళ్లి రావడం అన్నింటికన్నా కింద. ఇక పిల్లల్ని చూసుకోవడం టీవీ చూడటం కన్నా కింద వచ్చింది!

ఇది చదివి చాలామంది ‘అయ్యో, పిల్లలంటే సంతోషం లేదా’ అని నొచ్చుకుంటారు. నాకైతే నవ్వొచ్చింది, కాస్త ఊరట కూడా. ఎందుకంటే అక్కడ అడిగింది పిల్లల్ని చూసుకోవడం గురించి. స్నానం చేయించడం, హోంవర్కు దగ్గర కూర్చోబెట్టడం, బూట్లు ఎక్కడున్నాయని వెతకడం, కొట్టుకుంటుంటే విడదీయడం. వాళ్ల పక్కన పడుకుని, వాళ్లు చెప్పే తలా తోకా లేని కథ వినడం అనేది వేరే సంగతి, అది ఏ గడిలో పడుతుందో నాకు తెలియదు. పని చేయడం, ఉండటం, ఈ రెండింటినీ మనం ‘పిల్లలతో గడపడం’ అనే ఒకే మూటలో కట్టేస్తాం, తర్వాత సంతోషంగా లేదేమిటా అని మనల్ని మనమే తప్పుపట్టుకుంటాం.

ఇంటిపని సంగతికొస్తే, నాకు ఇల్లు చూసుకోవడం ఇష్టం. ఇది దాచుకోవలసిన విషయమేమీ కాదు, గొప్పగా చెప్పుకోవలసిందీ కాదు. అలమర సర్దితే నాకు ఒక రకమైన ప్రశాంతత. ఉతికి ఆరిన బట్టలు మడతపెడుతూ కూర్చుంటే బుర్ర తేలికవుతుంది. ఈ పనులు ఎవరైనా చేస్తామన్నా ఇవ్వను. కానీ అంట్లు తోమడంలో ధ్యానం ఉందని, గచ్చు తుడవడంలో మోక్షం ఉందని చెప్పేవాళ్లను చూస్తే మాత్రం ఒళ్లు మండుతుంది. సాధారణంగా అలా చెప్పేవాళ్ల ఇంట్లో ఆ పని ఇంకెవరో చేస్తుంటారు.

పైగా నన్ను అలసగొట్టేది ఆ కనిపించే పనులు కూడా కాదు. కనిపించనివి. సబ్బు అయిపోవస్తోందని గమనించేది ఎవరు, చిన్నోడి చెప్పులు బిగుతయ్యాయని చూసేదెవరు, అత్తయ్య మందులు ఎల్లుండికి సరిపోవని లెక్కపెట్టేదెవరు? అలిసన్ డామింగర్ అనే సమాజశాస్త్ర పరిశోధకురాలు 2019లో 35 జంటలతో మాట్లాడి దీని మీదే రాసింది. ఇంటికి సంబంధించి బుర్రతో చేసే పనిని ఆమె నాలుగు మెట్లుగా విడదీసింది. అవసరం రాబోతోందని ముందే పసిగట్టడం, ఏమేం దారులున్నాయో వెతకడం, ఏదో ఒకటి తేల్చడం, చివరికి అది జరిగిందో లేదో కనిపెట్టి ఉండటం. ఇందులో తేల్చే దగ్గర భార్యాభర్తలిద్దరూ దాదాపు సమానంగానే ఉంటున్నారట. ముందే పసిగట్టడం, చివర కనిపెట్టి ఉండటం, ఈ రెండూ ఎక్కువగా ఆడవాళ్ల మీద పడుతున్నాయి. గమనించండి, గౌరవం ఉన్న మెట్టు మాత్రం పంచుకున్నారు!

మా ఆయనకు ఇది చదివి వినిపిస్తే మొదట ‘నువ్వు చెప్పింది చేస్తున్నాగా’ అన్నారు. అదేగా గొడవ. చెప్పాల్సి రావడమే సగం పని. సాయం చేయడం వేరు, ఒక పనిని పూర్తిగా తీసుకోవడం వేరు. కరెంటు బిల్లు మీది అంటే, అది ఎప్పుడు కట్టాలో గుర్తుంచుకోవడం, కట్టడం, కట్టామో లేదో చూసుకోవడం అన్నీ మీవే, నేను ఆ మాటే ఎత్తను. ఇప్పుడు మా ఇంట్లో కొన్ని పనులు అలా పూర్తిగా చేతులు మారాయి. ఇందులో అవతలివాళ్ల కన్నా ఇచ్చేవాళ్లకే కష్టం ఎక్కువ. మా పెద్దమ్మాయి మడతపెట్టిన దుప్పటి వంకరగా ఉంటే ఉండనివ్వాలి, వాళ్లు అటు తిరగ్గానే మళ్లీ విప్పి సరిచేశామంటే ఆ పని తిరిగి మన చేతికి వచ్చేసినట్టే, పైగా పిల్లలకు ‘ఎలాగూ అమ్మ చేస్తుందిలే’ అన్న సంగతి భలే తొందరగా అర్థమవుతుంది.

దేవుడి దగ్గర కూడా ఇదే తంతు. నాకు భక్తి ఉంది, చిన్నప్పటినుంచీ ఉంది, దాన్ని ఎవరికీ నిరూపించాల్సిన పని లేదు. కానీ భక్తి కూడా ఒక చేయాల్సిన పనుల జాబితా అయిపోయిన రోజులుంటాయి. అన్నీ సిద్ధం చేయడం, పిల్లల్ని కూర్చోబెట్టడం, చిన్నోణ్ణి నవ్వొద్దని కళ్లతోనే బెదిరించడం, ఆలస్యమైపోతోందని గడియారం చూడటం. అంతా అయ్యాక చూస్తే, అందరి చేతా ప్రార్థన చేయించాను, నేను మాత్రం చేయలేదు.

17వ శతాబ్దంలో పారిస్‌లోని ఒక మఠంలో బ్రదర్ లారెన్స్ అని ఒకాయన ఉండేవాడు. పెద్ద చదువు లేదు, చాలా ఏళ్లు ఆయన పని మఠం వంటింట్లో. ప్రార్థన వేళలోనే కాదు, పాత్రల చప్పుడు మధ్య కూడా దేవుడితో అంతే దగ్గరగా ఉంటానని చెప్పేవాడు, ఆయన మాటలు, ఉత్తరాలు ఆయన పోయాక అచ్చువేశారు. ఇంకా వెనక్కి వెళితే, జపాన్‌లో జెన్ బౌద్ధ గురువు డోగెన్ 1237లో మఠంలో వంట చూసే మనిషి కోసమే ప్రత్యేకంగా ఒక రచన చేశాడు. మఠం సామాన్లను నీ సొంత కళ్లను చూసుకున్నట్టు చూసుకోవాలంటాడు అందులో. వంట అనేది ఏదో కింది పని కాదు, అది బాధ్యత గల పదవి అని ఆయన లెక్క. నాకు ఈ ఇద్దరూ ఇష్టం. కాకపోతే ఒక్క మాట అనకుండా ఉండలేను, వాళ్లిద్దరి కొంగూ పట్టుకుని లాగే పిల్లలు ఎవరూ లేరు, వంట మధ్యలో ‘నా నీలం చొక్కా ఎక్కడ’ అని అరిచేవాళ్లూ లేరు. అందుకని వాళ్లలా ఉండలేకపోతే దిగులు పడక్కర్లేదు. నేను చేసేదల్లా, అందరూ లేవకముందు కొద్దిసేపు ఎవరినీ కూర్చోబెట్టకుండా నేనొక్కదాన్నే కూర్చోవడం. అడగడానికి ఏమీ పెట్టుకోను. ఒక్కోసారి నిద్ర ముంచుకొస్తుంది, అయినా ఫర్వాలేదు, దేవుడు ఆ మాత్రం అర్థం చేసుకుంటాడని నా నమ్మకం.

అలాగని భక్తి అంటే ఒంటరిగా ఉండటమే అని నేననుకోను. 2010లో చేయూన్ లిమ్, రాబర్ట్ పుట్నమ్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికన్ల మీద చేసిన అధ్యయనంలో తేలింది ఏమిటంటే, క్రమం తప్పకుండా ప్రార్థనా స్థలానికి వెళ్లేవాళ్లు జీవితంలో ఎక్కువ తృప్తిగా ఉన్నామంటారు, కానీ అందులో పెద్ద భాగం అక్కడ దొరికే స్నేహితుల వల్ల. వెళ్లి వస్తూ అక్కడ ఎవరితోనూ స్నేహం లేనివాళ్లకు ఆ లాభం కనపడలేదు. కొంతమంది ఇది విని ‘అయితే దేవుడి ప్రమేయం ఏమీ లేదన్నమాట’ అంటారు. నాకలా అనిపించదు. ఒకే నమ్మకం ఉన్న మనిషి కష్టం వచ్చినప్పుడు గుమ్మంలోకి వచ్చి నిలబడితే, అది దేవుడి పని కాదని ఎలా అంటాం? మా అత్తయ్యని చూస్తే ఈ సంగతి చదవక్కర్లేకుండానే తెలుస్తుంది. ప్రార్థన ఎంతసేపు చేస్తుందో, బయటికొచ్చాక మెట్ల దగ్గర కబుర్లు దానికి రెట్టింపు.

ఇక ప్రయాణాలు. నాకు అన్నింటికన్నా ఎక్కువ సరదా ఇక్కడే, అన్నింటికన్నా ఎక్కువ టెన్షనూ ఇక్కడే.

ఇంటి ఇల్లాలు టూర్‌కి వెళ్లడం అంటే చాలాసార్లు ఇంటిని మూటగట్టి ఇంకో చోట విప్పడమే. అవే స్నానాలు, అవే తిండి ఏర్పాట్లు, అవే మందులు, కాకపోతే ఏ వస్తువు ఎక్కడుందో తెలియని గదిలో. అందుకే ‘వెళ్లొచ్చారుగా, బాగా రెస్ట్ దొరికిందా’ అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో తోచదు. యెరూన్ నావైన్, ఆయన తోటివాళ్లు 2010లో నెదర్లాండ్స్‌లో 1500 మందికి పైగా మనుషుల మీద చేసిన అధ్యయనం ఒకటి ఈ విషయంలో చాలా సూటిగా ఉంటుంది. సెలవులకు వెళ్లబోయేవాళ్లు వెళ్లనివాళ్ల కన్నా ముందు నుంచే ఎక్కువ సంతోషంగా ఉన్నారు. తిరిగొచ్చాక మాత్రం ఇద్దరికీ పెద్ద తేడా లేదు, ఒక్క ‘చాలా హాయిగా గడిచింది’ అన్నవాళ్లకు తప్ప. అంటే, ఎక్కువ సంతోషం బయల్దేరకముందే ఉంది. ఊహించుకోవడంలో ఉంది.

అది చదివాక నేను చేసిన మార్పు, ఆ ఊహించుకునే భాగాన్ని అందరికీ పంచడం. ముందు నేనొక్కదాన్నే రాత్రిళ్లు కూర్చుని రైళ్లు, గదులు, చూడాల్సినవి అన్నీ చూసి, అంతా అయ్యాక ‘ఇదిగో ప్లాన్’ అని చూపించేదాన్ని. ఊహించుకునే సరదా వాళ్లకు లేదు, బాధ్యత తప్ప వేరేదేమీ నాకు లేదు. ఇప్పుడు మ్యాప్ నేల మీద పరుస్తాం. ఇంట్లో ప్రతి ఒక్కరూ తమకు నచ్చింది ఒకటి ఎంచుకోవాలి, అది ఎలా వెళ్లాలో, ఎప్పుడు తెరుస్తారో కనుక్కోవాల్సిందీ వాళ్లే. చిన్నోడు ఎంచుకునేది సాధారణంగా వింతగానే ఉంటుంది, ఒకసారి వాడికి కావలసింది ఒక పొడవాటి వంతెన మీద అటు నుంచి ఇటు నడవడం, అంతే. మేం నడిచాం. గాలికి అత్తయ్య కళ్లజోడు ఎగిరినంత పనైంది, అందరం పగలబడి నవ్వాం. ఆ ఊళ్లో చూసిన పెద్ద పెద్ద కట్టడాల పేర్లు ఇప్పుడు ఎవరికీ గుర్తులేవు, వంతెన మాత్రం గుర్తుంది.

ఇంకో నియమం, రోజుకు ఒకటే ముఖ్యమైన పని. మిగతాది దొరికితే చూస్తాం, లేకపోతే లేదు. ‘ఇంత దూరం వచ్చి అది చూడకుండా వెళ్తామా’ అన్న మాట మా ఇంట్లో నిషేధం, ఎందుకంటే పిల్లల ఏడుపులు, పెద్దల మోకాళ్ల నొప్పులు అన్నీ ఆ ఒక్క మాట నుంచే మొదలవుతాయి. పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు వాళ్ల నడక వేగమే అందరి వేగం. మొదట్లో ఇది కట్టేసినట్టుండేది. కానీ బెంచీ కనపడితే చాలు కూర్చునే మనిషి పక్కన ఉండటం వల్ల మేం చూసినన్ని చెట్లు, విన్నన్ని తెలియనివాళ్ల కథలు పరుగెత్తి తిరిగేవాళ్లెవరూ విని ఉండరు. భాష రాకపోయినా అత్తయ్య మాట్లాడేస్తుంది, అవతలివాళ్లకీ అర్థమైపోతుంది, ఎలాగో నాకు ఇప్పటికీ మిస్టరీ.

కొన్ని చిన్న సంగతులు, తెలిస్తే ఎన్నో పూటలు పాడవకుండా ఉంటాయి. కారులో, బస్సులో కడుపులో తిప్పే పిల్లల్ని ఫోన్ చూడనివ్వకండి. చెవి లోపలి భాగం కదులుతున్నామని చెబుతుంటే, ఫోన్ చూస్తున్న కళ్లు కదలడం లేదని చెబుతాయి, ఆ రెండింటికీ పొత్తు కుదరకే వాంతి వస్తుంది. ముందు సీట్లో కూర్చోబెట్టే వయసు, వీలు ఉంటే అక్కడ, లేకపోతే దూరంగా రోడ్డు కనపడేలా. విమానం దిగేటప్పుడు చెవులు నొప్పెడితే మింగడం, ఆవులించడం పనిచేస్తాయి, పసివాళ్లకైతే ఆ టైమ్‌లో పాలు పట్టడం మంచిది. దూరదేశాలకు వెళ్తే తూర్పు వైపు ప్రయాణమే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది, మన ఒంటి గడియారం 24 గంటల కన్నా కొంచెం ఎక్కువే నడుస్తుంది కాబట్టి ఆలస్యంగా పడుకోవడం తేలిక, తొందరగా పడుకోవడం కష్టం. మొదటి రోజు పెద్ద ప్రోగ్రామ్‌లేవీ పెట్టుకోకుండా వెలుతురులో తిరిగితే సరిపోతుంది.

భార్యాభర్తల సంగతి ఒక్క మాట. ఆర్థర్ ఆరన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు 2000లో చేసిన ప్రయోగాల్లో, ఇద్దరూ కలిసి కొత్తగా, కాస్త ఉత్సాహంగా ఉండే పని ఏదైనా చేస్తే, మామూలు పని చేసిన జంటల కన్నా తమ బంధం గురించి బాగా అనిపించిందన్నారు. దానికి పెద్ద ప్రయాణమే అక్కర్లేదు. మా ఇద్దరికీ తెలియని ఊళ్లో దారి తప్పడమే చాలు. ఇంట్లో ఆయనకు ఆయన పద్ధతి, నాకు నా పద్ధతి, తెలియని వీధిలో ఇద్దరికీ ఏ పద్ధతీ ఉండదు. ‘నేను ముందే చెప్పాను’ అనడానికి ఎవరికీ వీలుండదు. (అయినా ఆయన అంటారు, అది వేరే విషయం.)

ప్రయాణంలో ప్రార్థన మానేయం. కానీ అక్కడ దానికి పట్టింపులేవీ ఉండవు, రైలు కిటికీ పక్కన, గదిలో మంచం అంచున, ఎక్కడ కుదిరితే అక్కడ, అందరం కలిసి ఒక్క నిమిషం. విచిత్రం ఏమిటంటే ఇంట్లో కూర్చోమంటే వంద వంకలు చెప్పే పెద్దది, ప్రయాణంలో మాత్రం తనే గుర్తు చేస్తుంది. బహుశా నేను గుర్తు చేయకపోవడం వల్లేనేమో.

చివరి రోజు సంగతి కూడా చెప్పాలి. మనం ఒక అనుభవాన్ని తర్వాత ఎలా గుర్తు పెట్టుకుంటాం అన్నది అది ఎంతసేపు సాగిందన్నదాని మీద పెద్దగా ఆధారపడదని, దానిలో బాగా తీవ్రంగా అనిపించిన ఘట్టం, చివరి ఘట్టం, ఈ రెండే ఎక్కువగా లెక్కకొస్తాయని కానెమన్ బృందమే 1990ల్లో చేసిన ప్రయోగాల్లో చూపించింది. దీని అర్థం నా లెక్కలో రెండు. ఒకటి, మూడు రోజుల ప్రయాణం పది రోజుల దానికి తీసిపోదు, కాబట్టి పెద్ద సెలవులు దొరికేదాకా ఆగక్కర్లేదు. రెండు, చివరి పూట ఏమీ పెట్టుకోకూడదు. ఆఖరి నిమిషంలో కొనాల్సినవన్నీ కొని, సామాన్లు కుక్కుకుని, పరుగెత్తి బండెక్కి, అర్ధరాత్రి ఇంటికి చేరి పొద్దున్నే ఆఫీసుకు, స్కూలుకు వెళ్తే, ఆ మొత్తం టూరూ అలసటగానే గుర్తుంటుంది. మేం ఒక రోజు ముందే వచ్చేస్తాం. ఆ రోజు ఎవరి పెట్టె వాళ్లే విప్పుకోవాలి, ఎవరి బట్టలు వాళ్లే మెషీన్ దగ్గరికి తెచ్చిపెట్టాలి. చిన్నోడి పెట్టెలోంచి రాళ్లు వస్తాయి, గవ్వలు వస్తాయి, ఒకసారి హోటల్ వాళ్ల సబ్బు ఎనిమిది ముక్కలు వచ్చాయి.

వచ్చేసారి ఎక్కడికి అన్నదాని మీద ఇప్పుడు పెద్ద రచ్చ నడుస్తోంది. చిన్నోడు సముద్రం అంటున్నాడు, పెద్దది కొండలు అంటోంది, మా ఆయన ఎక్కడైనా ఫర్వాలేదు అంటూనే కొండల ఫొటోలు చూపిస్తున్నారు. నేను ఈసారి నోరు విప్పనని ముందే చెప్పేశాను. అత్తయ్య ఓటు ఇంకా మిగిలి ఉంది, ఆవిడ మాత్రం బెంచీలు ఎక్కువ ఎక్కడుంటాయో కనుక్కుని చెప్పమని పిల్లలిద్దరికీ పని పురమాయించింది.